పాత పద్మిని సీట్లు కొత్తగా కుట్టించాలా? ముందు కుట్టే మనిషిని వెతకండి

రాజమండ్రి నుంచి ఒకరు అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల నాన్నగారు 1994లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇంట్లో ఉంది. ఇంజన్ పని, పెయింటు అయిపోయాయి. సీట్లు మాత్రం చిరిగిపోయి, కూర్చుంటే కింద స్పాంజి పొడి రాలుతోంది. రెడీమేడ్ కవర్లు దొరకడం లేదు. ఆన్‌లైన్‌లో పియు లెదర్ (గుడ్డ మీద పాలియురేథేన్ పూత వేసిన కృత్రిమ తోలు) మీటరు లెక్కన చూసి, 6 మీటర్లు ఆర్డర్ పెడదామనుకుంటున్నారు. వీధి చివర బ్లౌజులు కుట్టే టైలర్ "గుడ్డ తెచ్చివ్వండి, కుట్టేస్తాను" అన్నాడట. మెటీరియల్ ఎక్కడ కొనాలి, ఎంత కొనాలి, ఎవరితో కుట్టించాలి అని అడిగారు.

ముందు ఆ ఆర్డర్ ఆపండి. మిగతాది నిదానంగా చెబుతాను.

నేను విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా కుషన్ పని చేస్తున్నాను. బస్సు సీట్లతో మొదలుపెట్టి, ఇప్పుడు ఎక్కువగా పాత కార్లే కుడుతున్నాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఒకటే. రంగు నచ్చిందని ముందు మెటీరియల్ కొనేస్తారు, ఆ తర్వాత దాన్ని కుట్టేవాళ్ల కోసం తిరుగుతారు. తెచ్చిన గుడ్డ మేస్త్రీ మిషన్‌కు పడకపోవచ్చు, ఆ సీటు ఒంపులకు సాగకపోవచ్చు, లేదా సరిగ్గా ఒక మీటరు తక్కువ పడవచ్చు. ఆ మీటరు కోసం మళ్లీ వెళ్తే అదే రంగు వేరే తానులో కాస్త తేడాగా వస్తుంది. మనిషిని చూసుకుని, పాత కవరు విప్పి, కొలత తీసి, ఆ మేస్త్రీనే వెంటబెట్టుకుని కొనడానికి వెళ్లండి. ఈ వరసలో వెళ్తే సగం టెన్షన్ ఉండదు.

మీ వీధి టైలర్ మంచి పనివాడే అయ్యుండొచ్చు. ఇబ్బంది మనిషితో కాదు, మిషన్‌తో. ఇంట్లో, టైలర్ షాపులో ఉండే మామూలు మిషన్‌లో కింద పళ్లు మాత్రమే గుడ్డను ముందుకు తోస్తాయి. పైన అడుగు కదలకుండా నొక్కి పట్టుకుంటుంది. కాటన్ గుడ్డకు అది చాలు. రెక్సిన్ పైపొర మాత్రం ఆ ఇనుప అడుగుకు అతుక్కుపోతుంది. కింది పొర వెళ్లిపోతుంది, పైది వెనకబడుతుంది. రెండు సమానమైన ముక్కలు పెట్టి మీటరు పొడవు కుడితే చివరికి పైది అంగుళం మిగిలి ఉంటుంది. ఆ అంగుళాన్ని లాగి సర్దితే సీటు మీద ముడతగా తేలుతుంది. పైగా కవరులో పైపింగ్, అంటే అతుకు వెంబడి తాడులా ఉబ్బెత్తుగా వచ్చే అంచు, పడేచోట నాలుగు పొరల రెక్సిన్, మధ్యలో స్పాంజి ఒకేసారి సూది కిందికి వస్తాయి. అక్కడ చిన్న మిషన్ మొరాయిస్తుంది, సూది విరుగుతుంది, సూదికీ కింది షటిల్‌కూ కుదరాల్సిన టైమింగ్ కూడా పోతుంది.

మీకు కావలసింది వాకింగ్ ఫుట్ మిషన్. మా దగ్గర కొందరు హెవీ మిషన్ అంటారు, కొందరు లెదర్ మిషన్ అంటారు. అందులో కింద పళ్లు, సూది, పై అడుగు మూడూ కలిసి గుడ్డను నడిపిస్తాయి. షాపులోకి వెళ్లగానే మిషన్ పేరు అడగక్కర్లేదు. ఒక పాత ముక్క కుట్టి చూపించమనండి. సూది దిగి గుడ్డలో ఉండగానే సూదితో పాటు గుడ్డ వెనక్కి జరుగుతుంటే అదే ఆ మిషన్.

ఇది ఎవరి దగ్గర ఉంటుంది? కార్ యాక్సెసరీస్ షాపుల్లో వెతక్కండి. అక్కడ ఎక్కువ మంది బయటి నుంచి తయారై వచ్చిన కవర్లు తొడుగుతారు. బస్సు బాడీలు కట్టే చోట సీట్లు కుట్టేవాళ్లను, లారీ టార్పాలిన్లు కుట్టేవాళ్లను, బైకు సీట్లు చేసేవాళ్లను, సోఫా మేస్త్రీలను అడగండి. స్కూలు బ్యాగులు కుట్టేవాళ్ల దగ్గర కూడా ఈ మిషన్ ఉంటుంది. వాళ్లకు కారు సీటు తెలియకపోయినా, ముక్కలు కత్తిరించి గుర్తులు పెట్టి ఇస్తే శుభ్రంగా కుట్టి ఇస్తారు. కటింగ్, ఫిటింగ్ మీరు చేసుకుని కుట్టు మాత్రం వాళ్లతో వేయించుకోవడం కూడా మంచి పద్ధతే. ఓపిక ఉంటే ఖర్చు కూడా తగ్గుతుంది.

మనిషి దొరికాక మొత్తం సీట్లు ఒకేసారి ఇవ్వకండి. వెనక సీటు కింది కుషన్ ఒక్కటే ఇవ్వండి. అది తేలిక ఆకారం, మూలలు తక్కువ. తిరిగి వచ్చాక నాలుగు చోట్ల చూడండి. మూలల్లో ముడత ఉందా, పైపింగ్ నేరుగా వెళ్లిందా, కుట్టు ఎంత దూరంలో పడింది, ఎడమ పక్క కుడి పక్కకు సరితూగుతోందా. కుట్టు గురించి ఇక్కడే ఒక మాట. అంగుళానికి ఆరు కుట్లు, అంటే ఒక్కో కుట్టు 4 మిల్లీమీటర్లు దాటి ఉండాలి. "దగ్గరగా కుట్టాను సార్, గట్టిగా ఉంటుంది" అని ఎవరైనా అంటే వద్దని చెప్పండి. రెక్సిన్‌లో సూది చేసిన కన్నం మళ్లీ పూడుకోదు. కన్నాలు దగ్గరగా పడితే పోస్టల్ స్టాంపుల మధ్య గీతలాగా అయిపోయి, ఎవరైనా బరువుగా కూర్చున్న రోజున ఆ గీత వెంబడే చిరుగుతుంది.

దారం మీరే కొనివ్వండి. టైలర్ షాపుల్లో దొరికే మామూలు దారం రెండు ఎండలకు పుచ్చిపోతుంది. బాండెడ్ పాలిస్టర్, అంటే పోగులు విడిపోకుండా పూత వేసిన పాలిస్టర్ దారం, అడగండి. రీలు మీద టికెట్ 30 అని ఉంటే సీటుకు సరిపోతుంది. పైన కనపడేలా డబుల్ కుట్టు వేయిస్తే టికెట్ 20 తీసుకోండి. టికెట్ నంబరు తగ్గే కొద్దీ దారం లావవుతుంది, ఇది తెలియక చాలామంది 60 నంబరు తెచ్చి లావుదనుకుంటారు. నైలాన్ గట్టిదే, కానీ ఎండకు పాలిస్టర్ కంటే తొందరగా దెబ్బతింటుంది. వెనక అద్దం కింద ఉండే సీటుకు నేను నైలాన్ వాడను. టికెట్ 30 దారానికి సూది 18 లేదా 19 నంబరు, మామూలు గుండ్రటి మొన ఉన్నది. తోలు సూది మొన కత్తిలా కోస్తుంది, రెక్సిన్‌కు అది వద్దు.

ఇక పాత కవరు. దాన్ని పారేయకండి, ఎవరినీ పారేయనివ్వకండి. మీకు ఉన్న ఏకైక నమూనా అదే. కవరు ఫ్రేముకు రింగులతోనో కొక్కేలతోనో పట్టి ఉంటుంది. కటింగ్ ప్లయర్‌తో ఒక్కో రింగూ తెంపాలి, గుడ్డను లాగకూడదు. లోపల కవరుకు కుట్టిన సంచీ లాంటి పట్టీలో ఇనుప తీగ ఉంటుంది. సీటు మధ్యలో లోతుగా గీత కనపడేది ఆ తీగ వల్లే. దాన్ని బయటికి తీసి, తుప్పు గీకి, ఏ పట్టీలోదో రాసిపెట్టండి.

మా మేస్త్రీ నేర్పిన పద్ధతి ఒకటి ఉంది. ఇప్పటికీ అలాగే చేస్తాను. కుట్లు విప్పే ముందే కవరును తిరగేసి, ప్రతి అతుకు మీదా జానెడుకు ఒకటి చొప్పున అడ్డంగా బాల్‌పెన్‌తో గీత పెట్టాలి. గీత రెండు ముక్కల మీదా పడాలి. ప్రతి ముక్క మీదా నంబరు వేసి, ముందు వైపుకు ఒక బాణం గుర్తు వేయాలి. అప్పుడు బ్లేడుతో కుట్లు విప్పాలి. విప్పిన ముక్కలను మందపాటి కాగితం మీద పరిచి గీసుకుంటే, ఆ గీతలు కూడా కాగితం మీదికి వస్తాయి. కుట్టేటప్పుడు గీతకు గీత కలిస్తే చాలు, ముక్క సాగిందా లాగిందా అనే గొడవే ఉండదు. రెండు ముందు సీట్లు విడివిడిగా ఉంటే ఒకటి మాత్రమే విప్పండి. రెండోది పని అయ్యేదాకా పక్కన ఉంచుకోండి, ఏది ఎక్కడ పడాలో సందేహం వస్తే అదే చెబుతుంది. ముప్పై ఏళ్లు కూర్చున్న గుడ్డ సాగిపోయి ఉంటుంది, కాబట్టి కాగితం నమూనాను స్పాంజి మీద పెట్టి చూసి పావు అంగుళం తగ్గించుకోవాలి. కవరు స్పాంజి కంటే కాస్త చిన్నగా ఉంటేనే బిగుతుగా కూర్చుంటుంది. అతుకు కోసం చుట్టూ అర అంగుళం వదలాలి.

ఈ కాగితాలతోనే ఎంత కొనాలో తేలుతుంది. రెక్సిన్ వెడల్పు సాధారణంగా 54 అంగుళాలు. నేల మీద చాక్‌పీసుతో 54 అంగుళాల దూరంలో రెండు గీతలు గీసి, వాటి మధ్య కాగితం ముక్కలన్నీ పేర్చండి. బాణాలన్నీ ఒకే వైపు ఉండాలి. పేర్చిన పొడవే మీ లెక్క. నా అనుభవంలో పద్మిని ముందు వెనక సీట్లకు 7 నుంచి 8 మీటర్లు, డోర్ ప్యాడ్లు (తలుపులకు లోపలి వైపు ఉండే రెక్సిన్ అట్టలు) కూడా చేయిస్తే 10 మీటర్ల దాకా పడుతుంది. నిలువు మడతల డిజైన్ కావాలంటే ఇంకో మీటరు. మీరు అనుకున్న 6 మీటర్లు చాలవు.

కవరు విప్పాక లోపలిది చూడకుండా పైది కుట్టించకండి. పాత బండ్లలో అడుగున స్ప్రింగులు, వాటి మీద గోనెగుడ్డ, ఆ పైన కొబ్బరి పీచు పరుపు లేదా స్పాంజి ఉంటాయి. రాలుతున్న పొడి ఆ పరుపుదే. విరిగిన స్ప్రింగు ఉంటే మార్పించండి, వదులైనవి కట్టించండి. గోనెగుడ్డ తప్పకుండా కొత్తది వేయించండి. అది లేకపోతే స్ప్రింగులు ఆరు నెలల్లో కొత్త స్పాంజిని కోసేస్తాయి. రబ్బరు పట్టించిన పీచు షీటు పరుపుల షాపుల్లో దొరుకుతుంది.

స్పాంజి కొనేటప్పుడు "40 డెన్సిటీ" అడగండి. ఘనపు మీటరుకు 40 కిలోలు అని దానర్థం. ఏది ఇచ్చినా షాపువాళ్లు 40 అనే చెబుతారు, అందుకని తూకం వేయించండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు, 4 అంగుళాల మందం ఉన్న ముక్క సుమారు 380 గ్రాములు తూగాలి. 300 గ్రాములే వచ్చిందంటే అది 32 డెన్సిటీ. అది వీపు ఆనించుకునే భాగానికి పనికొస్తుంది, కూర్చునే భాగానికి వద్దు. డెన్సిటీకి, మెత్తదనానికి నేరుగా సంబంధం లేదు, కాబట్టి మోచేత్తో నొక్కి చూసి కూడా ఎంచుకోండి. స్పాంజి అతికించడానికి ఫెవికాల్ ఎస్ఆర్ 998 లాంటి రబ్బరు జిగురు వాడతాం. రెండు వైపులా రాసి, వేలికి అంటకుండా జిగటగా అయ్యేదాకా ఆగి, అప్పుడు కలపాలి. తడిగా ఉండగా కలిపితే తర్వాత ఊడుతుంది.

ఇప్పుడు మెటీరియల్ సంగతి. ఆ పియు లెదర్ ఆర్డర్ ఆపమని ఎందుకన్నానో చెబుతాను. 2009లో గుడివాడ నుంచి ఒక పెద్దాయన అంబాసిడర్ తెచ్చారు. నేనొక షాపులో ఇంపోర్టెడ్ అని చెప్పిన పియు తెచ్చి కుట్టాను. చేతికి వెన్నలా ఉండేది, నాకే ముద్దొచ్చింది. రెండో వానాకాలం దాటేసరికి ఆయన తెల్ల చొక్కా వీపు మీద గోధుమరంగు పొలుసులు అంటుకుని వచ్చారు. సీటు పైపొర పొట్టులా లేచిపోయింది. కోప్పడకుండా "ఇదేంటో చూడు నాయనా" అని మాత్రం అన్నారు. మొత్తం నా ఖర్చుతో మళ్లీ కుట్టి ఇచ్చాను. తేమ, వేడి కలిసినచోట పియు పొర లోపలి నుంచి విడిపోతుంది, దాన్నే హైడ్రాలసిస్ అంటారు. దాన్ని తట్టుకునే ఖరీదైన పియు రకాలు ఉన్నాయి, కానీ ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఏది ఏదో చెప్పలేం. గోదావరి పక్కన ఊళ్లో, ఎండలో నిలబడే బండికి ఆ రిస్కు ఎందుకు?

మీకు సరిపోయేది కారు సీట్ల కోసం చేసిన పివిసి. మనమందరం రెక్సిన్ అనేది దాన్నే. నిజానికి రెక్సిన్ అనేది ఒకప్పటి ఇంగ్లండ్ కంపెనీ గుడ్డ పేరు, అది మన నోళ్లలో అలా నిలిచిపోయింది. పివిసి మెత్తగా ఉండటానికి అందులో ప్లాస్టిసైజర్ కలుపుతారు. నాసిరకంలో అది ఎండకు ఆవిరై పోతుంది. కొత్త కవర్లు వేసిన బండి అద్దాలకు లోపల జిడ్డు పొర పట్టడం మీరు చూసే ఉంటారు, అది ఇదే. అలా ఆవిరైపోయాక గుడ్డ బిరుసెక్కి పగులుతుంది.

షాపులో ఇలా చూడండి. ముందు తిరగేసి వెనక గుడ్డ చూడండి. అల్లిక గుడ్డ, అంటే బనియన్ గుడ్డలా సాగేది ఉండాలి. నేత గుడ్డ ఉన్న రెక్సిన్ సోఫా పలకలకు బాగుంటుంది గానీ సీటు ఒంపులకు తిరగదు. మందం ఒక మిల్లీమీటరుకు అటూఇటూ ఉండాలి. మూలను గట్టిగా మడిచి గోటితో నొక్కి వదలండి, తెల్ల గీత పడితే ఆ రకం వద్దు. తెల్ల రుమాలు తడిపి గట్టిగా రుద్దండి, రంగు దిగకూడదు. వేలిగోటితో పైపొరను వెనక గుడ్డ నుంచి ఊడదీయడానికి ప్రయత్నించండి. అంచు దగ్గర సులువుగా లేచిందంటే కుట్టు దగ్గర కూడా లేస్తుంది. చివరిగా ఒక చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, వారం రోజులు బండి డ్యాష్‌బోర్డు మీద ఎండలో పెట్టండి. నేను ఇప్పటికీ కొత్త రకం వస్తే ఇదే చేస్తాను.

మంట విషయం కూడా అడగాలి. కారు లోపల వాడే గుడ్డకు మన దగ్గర ఐఎస్ 15061 అనే ప్రమాణం ఉంది. అమెరికా వాళ్ల ఎఫ్‌ఎంవిఎస్‌ఎస్ 302 లెక్కలో అయితే మంట నిమిషానికి 102 మిల్లీమీటర్లకు మించి పాకకూడదు. తాను మీద లేదా కంపెనీ క్యాటలాగ్‌లో వీటిలో ఏదో ఒకటి రాసి ఉందేమో చూడండి. సోఫా గుడ్డ అందంగా ఉందని కారుకు వేసేవాళ్లు ఈ ఒక్క కారణంతోనైనా ఆగాలి. పాత వైరింగు ఉన్న బండి కదా మీది.

అసలు తోలు కావాలంటే చెన్నై పెరియమెట్ వెళ్లాలి. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేట తోలు అక్కడికి చేరుతుంది. చదరపు అడుగు లెక్కన అమ్ముతారు. ప్రతి తోలుకూ మచ్చలు, పొట్ట దగ్గర సాగే భాగం ఉంటాయి, వేస్టేజ్ ఎక్కువ. పద్మినికి మొదటి నుంచీ తోలు లేదు, పైగా మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు. నేనైతే వద్దంటాను.

రెక్సిన్‌కు మీకు దగ్గర విజయవాడ ఆటోనగరే. విశాఖ వైపు వెళ్లే పని ఉంటే గాజువాక ఆటోనగర్ చూడండి. హైదరాబాద్‌లో పుత్లీబౌలి, రాణిగంజ్ చుట్టూ అడగొచ్చు. రకాలు ఎక్కువ కావాలంటే చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డు, బెంగళూరు జేసీ రోడ్డు ఉన్నాయి. పద్మిని పాత గుడ్డ డిజైన్, పాత రబ్బరు బీడింగ్ లాంటివి కావాలంటే ముంబైలో తెలిసినవాళ్లుంటే కదిలించండి. అక్కడ చివరి పద్మిని ట్యాక్సీ గడువు 2023 అక్టోబరులోనే ముగిసింది గానీ, దశాబ్దాల పాటు ఆ సీట్లే కుట్టిన చేతులు ఇంకా పని చేస్తున్నాయి. ఎక్కడ కొన్నా మొత్తం ఒకే తాను నుంచి కోయించుకోండి, బిల్లు మీద తాను నంబరు రాయించుకోండి, లెక్క కంటే ఒక మీటరు ఎక్కువ తీసుకోండి.

సీట్లు బయట ఉన్నప్పుడే కింద నేల చూడండి. మ్యాట్ ఎత్తి, సీటు బోల్టులు పట్టే చోట స్క్రూడ్రైవర్‌తో గుచ్చండి. తుప్పుతో దిగిపోతే ముందు వెల్డింగ్ పని, తర్వాతే సీటు. డోర్ ప్యాడ్ల వెనక అట్ట కింది అంచు నీళ్లకు ఉబ్బి ఉంటుంది. అది మార్చి, తలుపుకు, అట్టకు మధ్య మందపాటి పాలిథిన్ కాగితం అతికించండి. కొత్త రెక్సిన్‌ను కాపాడేది అదే.

ఇది చదివే వేరేవాళ్ల కోసం ఒక్క మాట. మీది కొత్త బండి అయి, సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ అని రాసిన చిన్న ట్యాగ్ ఉంటే ఈ పద్ధతిలో కుట్టించకండి. అక్కడి అతుకు బ్యాగు తెరుచుకునేటప్పుడు విడిపోయేలా ప్రత్యేకంగా కుట్టి ఉంటుంది. టికెట్ 20 దారంతో గట్టిగా కుట్టిస్తే ప్రాణం కాపాడాల్సింది లోపలే చిక్కుకుంటుంది.

ఫిటింగ్ రోజు కవర్లను అరగంట ఎండలో పరవండి, రెక్సిన్ మెత్తబడుతుంది. స్పాంజికి పలచటి పాలిథిన్ సంచి తొడిగితే కవరు జారుతూ దిగుతుంది. సరిగ్గా కూర్చున్నాక ఆ సంచిని లాగేయొచ్చు. మధ్య నుంచి మొదలుపెట్టి పక్కలకు రింగులు వేయాలి, మూలలు ఆఖర్న. నెల రోజులు వాడాక కవరు కాస్త వదులవుతుంది, అప్పుడు మళ్లీ ఒకసారి రింగులు బిగించి ఇస్తానని మేస్త్రీతో ముందే మాట తీసుకోండి. కూలి కూడా సీటు లెక్కన మాట్లాడుకుని, చివరి సీటు డబ్బు ఆ బిగింపు అయ్యాక ఇవ్వండి. మిగిలిన రెక్సిన్‌ను మడత పెట్టకుండా గొట్టానికి చుట్టి నీడలో ఉంచండి.

మొదట, వెనక సీటు కింది కవరు విప్పి స్ప్రింగులు, ఫ్రేము ఫొటోలు పెట్టండి. ఎన్ని మార్చాలో, పీచు షీటు ఎంత మందం పడుతుందో చూసి చెబుతాను.